పద్నాలుగో సెక్షను

నర్సు క్వార్టరు, పెద్దాసుపత్రి వెనక
ఫిబ్రవరి 11

తమ్ముడూ,

నేను బాగానే ఉన్నాను. నువ్వూ బాగున్నావనుకునే మొదలుపెడుతున్నాను, ఎందుకంటే నీ దగ్గర్నుంచి రెండు నెలలుగా ఉత్తరం ముక్క లేదు. ఫోను టవరు ఇంకా నిలబెట్టలేదు. రేషను లారీ నెలకి రెండుసార్లు వస్తుంది, దాంట్లోనే ఉత్తరాల సంచీ. లారీ అతన్ని మంచి చేసుకున్నాను కాబట్టి నా కవరు పైన పెడతాడు.

ఒక విడ్డూరం చెప్తాను, నవ్వకు. నన్ను ఇళ్ళ అప్పగింత సంఘానికి అధ్యక్షురాలిని చేశారు. కాల్పులు ఆగి పదకొండు నెలలైంది కదా. గొడవకి ముందు పైపేట మనుషులూ కిందిపేట మనుషులూ రెండు పేటల్లోనూ కలిసే ఉండేవాళ్ళని నీకు గుర్తుండే ఉంటుంది. ఈ ఎనిమిదేళ్ళలో ఎవరికి బలమున్న చోట వాళ్ళు రెండోవాళ్ళని తరిమేశారు, ఇళ్ళు ఆక్రమించారు. ఇప్పుడు ఎవరిల్లు వాళ్ళకి అప్పగించాలని ఒప్పందంలో రాశారట. అటు ముగ్గురు, ఇటు ముగ్గురు సభ్యులు. పైన ఒకరు కావాలి. పైపేట మనిషైతే కిందిపేట వాళ్ళు ఒప్పుకోరు, కిందిపేట మనిషైతే పైపేట వాళ్ళు ఒప్పుకోరు. మనం ఎక్కణ్ణుంచో ఉద్యోగానికొచ్చిన వాళ్ళం. ఇరవై ఆరేళ్ళుగా రెండు పేటల్లోనూ కాన్పులు చేస్తున్నాను. నాకంటే వేరే దిక్కు దొరకలేదు, అంతే.

సంఘం కూర్చునేది పాత తూనికలు కొలతల ఆఫీసులో. పూర్వం ఆ గదిలో దొంగ తూకం రాళ్ళు పట్టుకుని వరసగా పేర్చేవాళ్ళు, ఇప్పుడు మమ్మల్ని పేర్చారని లారీ అతను అన్నాడు. అతనూ కిందిపేట తరఫున సభ్యుడే. పైపేట తరఫున రిటైరైన హెడ్మాస్టరుగారు. ఇద్దరూ ఒకరితో ఒకరు మాట్లాడుకోరు. కిటికీ వెయ్యాలన్నా "ఆయన్ని వెయ్యమనండి నర్సమ్మా" అని నాతో చెప్పిస్తారు. కిటికీకీ వాళ్ళిద్దరికీ మధ్య నేను.

అసలు సంగతి ఇదిగో. రిజిస్ట్రారు ఆఫీసు గొడవల రెండో ఏడే తగలబడింది. పారిపోయిన వాళ్ళు పిల్లల్ని ఎత్తుకుని పోయారు గానీ దస్తావేజులు ఎత్తుకుని పోలేదు. కాగితం చూపించమంటే ఈ ఊళ్ళో వందకి పదిమంది కూడా చూపించలేరు. ఇళ్ళ చట్టం రాసే బల్ల దగ్గరే కదా నువ్వు కూర్చునేది. కాగితం లేని వాళ్ళకి ఒక దారి పెట్టించు. ఇప్పటిదాకా నిన్ను ఏదీ అడగలేదు.

వేళకి తిను.

అక్క


రాజధాని, శాసనాల శాఖ, మూడో అంతస్తు
మార్చి 3

అక్కా,

రాయనందుకు తిట్టకు. ఇక్కడ ముసాయిదా మీద ముసాయిదా నడుస్తోంది. నీ ఉత్తరం వచ్చిన రోజే పద్నాలుగో సెక్షను రాశాను. నకలు తీస్తున్నాను, నీ సంఘంలో చదివి వినిపించు:

"దస్తావేజులు నశించిన చోట, ఆ ఇంటి ఇరుగుపొరుగున కనీసం అయిదేళ్ళు నివసించిన ముగ్గురి సాక్ష్యం దస్తావేజుతో సమానంగా చెల్లుతుంది. ముగ్గురిలో ఒకరైనా అవతలి పక్షం వారై ఉండాలి."

చివరి వాక్యం నాదే. సొంత పేట వాళ్ళే ముగ్గురూ చెప్తే దొంగ సాక్ష్యం అంటారు. అవతలివాడు ఒక్కడు వచ్చి 'అవును, అది వాళ్ళిల్లే' అన్నాడనుకో, ఇంక నోరెత్తేదెవరు? పెద్దాయన, అంటే మా జాయింట్ సెక్రటరీ, రెండుసార్లు చదివి, "ఇది చట్టంలా లేదయ్యా, మనుషులు మాట్లాడుకున్నట్టుంది" అన్నారు. తిట్టారో మెచ్చుకున్నారో తెలియలేదు గానీ సంతకం పెట్టారు. అక్కా, పదేళ్ళ ఉద్యోగంలో నేను రాసిన వాక్యం ఒకటి ఎవరికైనా పనికొస్తుందనిపించింది ఇప్పుడే.

మీరు సాక్ష్యాలు రాసుకోవడం మొదలుపెట్టండి. చట్టం అచ్చయ్యేసరికి మీ ఊరి ఫైళ్ళు సిద్ధంగా ఉంటాయి.

తమ్ముడు


నర్సు క్వార్టరు, పెద్దాసుపత్రి వెనక
ఏప్రిల్ 17

తమ్ముడూ,

నీ సెక్షను చదివి వినిపించాను. హెడ్మాస్టరుగారు కళ్ళజోడు తీసి మళ్ళీ చదవమన్నారు. లారీ అతను, "అవతలివాడు వచ్చి చెప్తాడా, కలలో మాట" అన్నాడు. అది నాతో కాదు, నేరుగా హెడ్మాస్టరుతోనే అన్నాడు. ఆయన కూడా నేరుగానే, "చూద్దాం" అన్నారు. వాళ్ళిద్దరూ మాట్లాడుకోవడం అదే మొదలు. ఆ ఒక్క మాటకే నీ చట్టం నెగ్గినట్టనిపించింది.

మూడు వారాలు ఎవరూ రాలేదు. తలుపులు బార్లా తీసుకుని ఏడుగురం ఒకరి మొహం ఒకరం చూసుకుంటూ కూర్చున్నాం. మొన్న సోమవారం రేడియో మెకానిక్ భార్య వచ్చింది. నీకు తెలుసు ఆవిడ, నువ్వు చదువుకునే రోజుల్లో వాళ్ళాయనే మన రేడియో బాగుచేసేవాడు. అతను గొడవల్లో పోయాడు. ఆవిడ పైపేట మనిషి, ఇల్లేమో కిందిపేటలో. ఆరేళ్ళుగా ఊరి బయట గుడారాల్లో ఉంటోంది. ఇంట్లో ఇప్పుడు కాంట్రాక్టరు ఉన్నాడు. గొడవ రోజుల్లో కిందిపేట దళానికి బళ్ళు తోలించినవాడు, ఇప్పుడు ఖద్దరు చొక్కా వేసుకుని మీటింగుల్లో ముందు కుర్చీలో కూర్చుంటున్నాడు. ఆవిడ తరఫున ఇద్దరు పైపేట వాళ్ళు చెప్పారు. మూడో మనిషి అవతలివాడు కావాలి.

గురువారం పొద్దున టైలరు వచ్చాడు. కిందిపేట మనిషే, ఆవిడ గోడా అతని గోడా ఒకటే. లోపలికొచ్చి కూర్చోలేదు, నిలబడే చెప్పాడు. లారీ అతను సొంత పేట మనిషి కదా, అతనే అడిగాడు, ఆ ఇల్లు ఎవరిదో నీకెలా తెలుసని.

"ఆ గోడకి ఇటుపక్క కూర్చుని పదహారేళ్ళు వాళ్ళ రేడియో విన్నాను," అన్నాడు టైలరు. "వార్తలకి మెషీను ఆపేవాణ్ణి, పాటలకి తొక్కేవాణ్ణి. ఇల్లెవరిదని నన్ను అడుగుతారేంటి."

అంతా రాసుకుని చదివి వినిపించాను. సంతకం పెట్టాడు. బయట వరండాలో రేడియో మెకానిక్ భార్య నిలబడి ఉంది. అతను ఆవిడ జాకెట్టు భుజం దగ్గర చిరిగి ఉండటం చూసి, దుకాణానికి పంపమ్మా, కుట్టేస్తాను అన్నాడట.

సాయంత్రానికి ఇంకో నలుగురు వచ్చారు సాక్ష్యం చెప్తామని. చట్టం ఎప్పుడు అచ్చవుతుందో రాయి.

అక్క


రాజధాని, శాసనాల శాఖ
మే 6

అక్కకి,

నీ ఉత్తరం అందింది. సంతోషం. బిల్లు ప్రస్తుతం ఉపసంఘం పరిశీలనలో ఉంది. కొన్ని సెక్షన్ల మీద ఉభయపక్షాల అభిప్రాయాలు తీసుకుంటున్నారు. ఖచ్చితమైన తేదీ ఇప్పుడే చెప్పడం కష్టం.

నాకు సీనియర్ ముసాయిదా అధికారిగా ప్రమోషన్ వచ్చింది. గది మారింది, కిటికీ ఉంది.

సాక్ష్యాల విషయంలో మరీ తొందర అక్కర్లేదేమో. నెమ్మదిగా కానివ్వండి. ఎండలు ఎక్కువగా ఉన్నాయి, నీ ఆరోగ్యం చూసుకో.

తమ్ముడు


నర్సు క్వార్టరు, పెద్దాసుపత్రి వెనక
జూన్ 12

తమ్ముడూ,

ప్రమోషన్ వచ్చినందుకు చాలా సంతోషం. అమ్మ ఉంటే వీధంతా చెప్పుకునేది. కానీ ఆ ఉత్తరం నువ్వు రాశావా, మీ శాఖ రాసిందా? 'ఉభయపక్షాల అభిప్రాయాలు' అట. అక్కకి రాసేటప్పుడు కుర్చీలోంచి కాసేపు లేచి రాయి.

నెమ్మదిగా కానివ్వమన్నావు. ఎలా నెమ్మది చెయ్యను? టైలరు చెప్పాక కట్ట తెగినట్టు వస్తున్నారు. ఇవాళ్టికి అరవై ఒక్క సాక్ష్యాలు రాశాం. అందులో ఇరవై మూడు అవతలి పక్షం వాళ్ళవి. పైపేట నుంచి ఒక ముసలాయన వచ్చాడు, బడి గంట కొట్టేవాడు, నీకు గుర్తుండకపోవచ్చు. తన పక్కింటి కిందిపేట కుటుంబం కోసం చెప్పాడు. వాళ్ళ దూలాలు తనే మోశానన్నాడు. వాళ్ళలో ఒకడు తన కొడుకుని కొట్టినవాడట. 'అది వేరే సంగతి, ఇల్లు మాత్రం వాళ్ళదే' అన్నాడు. హెడ్మాస్టరుగారు అది రాస్తూ చేతిరుమాలు తీసుకుని బయటికి వెళ్ళారు. లారీ అతను ఆయన కోసం మంచినీళ్ళు పట్టుకెళ్ళాడు.

అన్నీ బాగున్నాయని కాదు. ఆఫీసు కిటికీ అద్దం పగిలింది, గాలికి. టైలరుకి గిరాకీ తగ్గింది. కిందిపేట వాళ్ళు బట్టలు ఇవ్వడం మానేశారు. ఎవరో బోర్డు కూడా తలకిందులు చేసి పెట్టారట. తలకిందులుగా చదవగలిగిన వాళ్ళే వస్తారులే అని నవ్వేశాడు. అతనిప్పుడు రోజూ నన్ను ఒకటే అడుగుతాడు, చట్టం ఎప్పుడొస్తుందమ్మా అని. చట్టం వచ్చిందంటే ఇది టైలరు చెప్పిన మాట కాదు, సర్కారు మాట అవుతుంది, అప్పుడు నా మీద కోపం దేనికి అంటాడు. అతని లెక్క సరైనదే.

తేదీ రాయి. సుమారుగా అయినా సరే.

అక్క


రాజధాని, శాసనాల శాఖ
జూలై 4

అక్కా,

తేదీ ఇంకా తేలలేదు.

నువ్వు కొన్నాళ్ళు ఇక్కడికి రా. నిజంగా అడుగుతున్నాను. సెలవు పెట్టు. కళ్ళ డాక్టరుకి చూపించుకోవాలని ఎప్పట్నుంచో అంటున్నావు కదా. నేను రైలు స్టేషనుకి వస్తాను. ఆ సంఘం పనులు ఒక నెల ఆపితే కొంపేం మునిగిపోదు. కొత్త సాక్ష్యాలు రాయడం ఆపు. ఉన్నవి ఆఫీసులో వదిలెయ్యకు, నీ దగ్గర పెట్టుకో.

కిటికీ గాలికి పగలదు అక్కా.

తమ్ముడు


నర్సు క్వార్టరు, పెద్దాసుపత్రి వెనక
ఆగస్టు 2

తమ్ముడూ,

టైలరుని చంపేశారు.

మొన్న మంగళవారం పొద్దున పదకొండు గంటలకి, బజారు నడిమధ్యన, దుకాణంలో. స్కూలు యూనిఫారాలు కుడుతున్నాడు. ఇద్దరు వచ్చారు, కొలతలివ్వడానికి వచ్చినట్టే మెట్లెక్కారు. నాకు కబురొచ్చి పరుగెత్తేసరికి ఊపిరి ఉంది, కళ్ళు తెరిచే ఉన్నాయి. మెడ మీది కత్తిగాటుని రెండు చేతులతో అదిమిపట్టాను. ఇరవై ఆరేళ్ళుగా నర్సుని, ఆగేదీ ఆగనిదీ చెయ్యి పెట్టగానే తెలుస్తుంది. తెలిసినా తియ్యలేదు.

ఎదురుగా చెప్పుల కొట్టు, పక్కన మందుల షాపు, మెట్ల కింద కూరగాయల వాళ్ళు. పోలీసులు వచ్చి అడిగితే ఒక్కరు కూడా చూడలేదన్నారు. ఏ ఇల్లు ఎవరిదో చెప్పడానికి అరవై ఒక్కమంది వచ్చిన ఊరు ఇది. పట్టపగలు బజారులో జరిగిన హత్యకి ఒక్క సాక్షి లేడు.

అతనికి ముగ్గురు ఆడపిల్లలు. పెద్దదానికి పద్నాలుగు. ముగ్గురూ నా చేతుల్లో పుట్టినవాళ్ళే. భార్య ఏడవడం లేదు. నిన్న నా దగ్గరికి వచ్చి, ఆయన ఏం చెప్పారో ఒకసారి చదివి వినిపించండి అంది. చదివాను. రేడియో మాట దగ్గర ఆపి, మళ్ళీ చదవమంది. తరవాత అడిగింది, దీనితో ఆ ఇల్లు ఆవిడకి వస్తుందా అని. వస్తుందని చెప్పాను. ఆయన మాట వృథా పోదమ్మా, చట్టంలో ఉందని చెప్పాను.

ఇంక నన్ను కళ్ళ డాక్టరు పేరు చెప్పి ఏమార్చకు. తేదీ అడుగుతున్నాను. ఆవిడకి చెప్పాలి.

అక్క


రాజధాని
ఆగస్టు 14

అక్కా,

ఈ ఉత్తరం ఇంట్లో కూర్చుని రాస్తున్నాను. ఆఫీసు కాగితం మీద రాయలేను.

పద్నాలుగో సెక్షను లేదు.

ఏప్రిల్ ఇరవైన తీసేశారు. టైలరు సాక్ష్యం చెప్పిన గురువారం గడిచి అప్పటికి ఎన్నో రోజులు కాలేదు. ఆరోజు ఉపసంఘంలో రెండు పక్షాల నాయకులూ కూర్చున్నారు. నేను మినిట్స్ రాస్తున్నాను. అంతకు ముందు మూడు రోజులు జెండా కర్ర పొడవు మీద కొట్టుకున్నారు, కుర్చీలు విసురుకునే దాకా వచ్చింది. పద్నాలుగో సెక్షను చదివాను. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నాలుగు నిమిషాలు కూడా పట్టలేదు. అటువాళ్ళ మనుషులు ఆక్రమించిన ఇళ్ళు అటున్నాయి, ఇటువాళ్ళవి ఇటున్నాయి. ఎనిమిదేళ్ళు చంపుకున్నవాళ్ళు ఒక్క గొంతుతో మాట్లాడిన సెక్షను అదొక్కటే. 'రిజిస్టరు కాగితం ఉన్నవారికి మాత్రమే' అని మార్చారు. పెద్దాయన నా వైపు చూసి, "కొట్టెయ్యవయ్యా, ముందు సంతకాలు పడనీ, శాంతి ముఖ్యం" అన్నారు. స్కేలు పెట్టి గీత కొట్టింది నేనే. నా చేత్తో రాశాను, నా చేత్తో కొట్టేశాను. రెండు వారాల తరవాత ప్రమోషన్ ఇచ్చారు. ఎందుకిచ్చారో నేను అడగలేదు, వాళ్ళు చెప్పలేదు.

టైలరు సాక్ష్యం సంగతి రాసిన నీ ఉత్తరం ఆ నెలాఖరున అందింది. అప్పుడే రాయాల్సింది. ఆ కాగితాలు దాచెయ్యి, ఇంకెవరినీ పిలవకు అని రెండు వాక్యాలు. రాయలేదు. గెజెట్లో వచ్చేదాకా బయటికి పొక్కకూడదని మాకు ఆర్డరు. అదొక సాకు. అసలు కారణం వేరే, నువ్వు మొదటిసారి ఒకటి అడిగావు, చేశానని చెప్పుకున్నాను, చెయ్యలేకపోయానని చెప్పడానికి మొహం చెల్లలేదు. ఎలాగోలా మళ్ళీ పెట్టించొచ్చు, అప్పుడు చెప్పక్కర్లేకుండానే పోతుంది అనుకున్నాను. మళ్ళీ పెట్టమని రెండు ఆఫీసు నోట్‌లు రాసి పైకి పంపాను. రెండూ వెనక్కి వచ్చాయి. మూడోది పెట్టడానికి భయపడ్డాను.

ఇంకొకటి ఉంది, ఇది వెంటనే చెయ్యాలి. సంఘాలు రాసుకున్న సాక్ష్యాలన్నీ జిల్లా కౌన్సిలుకి పంపమని వచ్చే నెల ఆర్డరు వస్తోంది. కౌన్సిల్లో కూర్చునేది వాళ్ళే. ఎవరు ఎవరి మీద చెప్పారో పేర్లతో సహా వాళ్ళ చేతికి వెళ్తుంది. పంపకు. ఏం చేస్తావో చెయ్యి, ఆ కాగితాలు వెళ్ళనివ్వకు.

రాజీనామా రాసి జేబులో పెట్టుకున్నాను. నువ్వు చెప్తే ఇస్తాను.

తమ్ముడు


నర్సు క్వార్టరు, పెద్దాసుపత్రి వెనక
సెప్టెంబరు 9

తమ్ముడూ,

నీ ఉత్తరం రెండు రోజులు మళ్ళీ మళ్ళీ చదివాను. నిన్ను తిట్టే హక్కు నాకుందో లేదో చూసుకున్నాను. ఉంది గానీ పూర్తిగా లేదు. నేను కూడా ఒకటి నీకు రాయలేదు.

టైలరు తనంతట తను రాలేదు. మార్చిలో రెండుసార్లు ఆఫీసు మెట్ల దాకా వచ్చి వెనక్కి పోయాడు. నేనే దుకాణానికి వెళ్ళాను, తెల్లకోటు కుట్టించుకునే నెపంతో. టేపు నా భుజాల మీద పెట్టి, "ఆడపిల్లల తండ్రిని నర్సమ్మా, అది నిజంగా చట్టమేనా?" అని అడిగాడు. మా తమ్ముడు చేత్తో రాశాడు, పూచీ నాది అన్నాను. ఆ ఒక్క మాట మీద వచ్చాడు. తరవాత వచ్చిన వాళ్ళందరికీ అదే చెప్పాను. నర్సమ్మ తమ్ముడు రాజధానిలో చట్టం రాశాడని ఊరంతా చెప్పుకుంది. చెప్పుకుంటుంటే నాకు గర్వంగా ఉండేది.

సంఘం ముందు నీ ఉత్తరంలో సంగతంతా చెప్పాను. లారీ అతను లేచి తలుపు వేశాడు, మళ్ళీ ఎందుకో తెరిచాడు. కాగితాలు మా అంతట మేం తగలబెడదామని ఒకరన్నారు. హెడ్మాస్టరుగారు వద్దన్నారు. ఎవరి మాట వాళ్ళకి తిరిగి ఇచ్చెయ్యడం మర్యాద అన్నారు. ఊరంతా కబురు పెట్టాం, చట్టం లేదు, సాక్ష్యం చెప్పినవాళ్ళు వచ్చి కాగితం తీసుకుపోండి అని.

శుక్రవారం వచ్చారు. తూనికల ఆఫీసు నుంచి మందుల షాపు దాకా వరస. పైపేట వాళ్ళు, కిందిపేట వాళ్ళు, ఎవరెటో తెలియకుండా ఒకరి వెనక ఒకరు నిలబడ్డారు. తొమ్మిదేళ్ళలో ఈ ఊళ్ళో రెండు పేటలూ ఒక వరసలో నిలబడటం నేను చూడటం అదే మొదటిసారి. చెప్పిన మాట వెనక్కి తీసుకోవడానికి. ఒక్కొక్కరి పేరు పిలిచి, రిజిస్టర్లో కొట్టేసి, కాగితం చేతికిచ్చాను. కొందరు అక్కడే చింపేశారు. కొందరు మడిచి లోపల పెట్టుకున్నారు. ఎవరూ నా కళ్ళలోకి చూడలేదు. సాయంత్రానికి అరవై అయ్యాయి.

అరవై ఒకటోది టైలరుది. భార్యకి కబురు పంపితే వచ్చింది. పిల్లలున్నారు, కొట్టేయిస్తే మంచిదని నేనే చెప్పాను. ఆవిడ కూర్చోలేదు, మొగుడు నిలబడ్డ చోటే నిలబడింది.

"ఆయన చెప్పిన మాట. ఆయన్నే వచ్చి కొట్టెయ్యమనండి," అంది.

కాగితం నా దగ్గరే వదిలేసి వెళ్ళిపోయింది. మర్నాడు పిల్లల్ని తీసుకుని ఊరు కూడా వదిలిపోయింది, ఎటో ఎవరికీ చెప్పలేదు. రేడియో మెకానిక్ భార్య గుడారానికి తిరిగి పోయింది. కాంట్రాక్టరు ఆ ఇంటి మీద రెండో అంతస్తు లేపుతున్నాడు. టైలరు గోడ అడ్డమైందని దాన్ని కూడా కొట్టించేశాడు. సంఘం రద్దు చేశాం. లారీ అతనూ హెడ్మాస్టరుగారూ మెట్లు దిగి ఎవరి దారిన వాళ్ళు పోయారు. నిన్న బజారులో ఎదురుపడి తలలు తిప్పుకున్నారు.

మొన్న కిందిపేటలో ఒక కాన్పుకి వెళ్ళాను. ఆ పిల్లకి నెలనెలా చూసింది నేనే. గుమ్మంలో అత్తగారు నిలబడి, అక్కర్లేదమ్మా, వేరే మనిషిని పిలిచాం అంది. వేరే మనిషి ఎవరూ లేరు ఈ ఊళ్ళో, నాకు తెలుసు. సంచీ పట్టుకుని కాసేపు వీధిలో నిలబడ్డాను. లోపల ఆ పిల్ల అరుస్తోంది. వచ్చేశాను. పైపేటలో కూడా ఇంతే.

రాజీనామా ఇవ్వమంటావా అని అడిగావు. ఇవ్వకు. నీ కుర్చీలోకి వచ్చేవాడికి గీత కొట్టడం తప్పని కూడా తెలియదు. నీకు తెలుసు, తెలిసే కూర్చో అక్కడ. నీకు నేను వేస్తున్న శిక్ష అదే అనుకో.

ఒకటి మాత్రం చెయ్యి. ఇక్కడికి రా. నన్ను చూడటానికి కాదు. ఆ అరవై ఇళ్ళకి నేను ఒక్కతినే వెళ్ళి చెప్పలేకపోతున్నాను. తలుపు తీసిన చోట నువ్వు నీ నోటితో చెప్పు, నేనే రాశాను, నేనే కొట్టేశాను, మీకు చెప్పలేదు అని. వాళ్ళు ఏం చేస్తారో నాకు తెలియదు. ఏం చేసినా పక్కన నేనుంటాను.

అక్క


రాజధాని
అక్టోబరు 5

అక్కా,

వచ్చాను. నీకు తెలియదు.

పోయిన శనివారం పొద్దున చెక్‌పోస్టు దగ్గర దిగాను. మీ ఊరికి ఇంకా తొమ్మిది మైళ్ళు. అక్కణ్ణుంచి రేషను లారీ ఎక్కాలి. లారీ రావడానికి ఇంకా గంట పడుతుందన్నారు. బెంచీ మీద కూర్చున్నాను. నా పక్కన ఒక ముసలాయన, మందుల చీటీ పట్టుకుని లారీ కోసమే చూస్తున్నాడు. ఎక్కణ్ణుంచి బాబూ అన్నాడు. రాజధాని నుంచి అన్నాను. ఏ ఆఫీసు అంటే, సర్కారుదే అన్నాను.

"అయితే మీకు తెలిసే ఉంటుంది. మా నర్సమ్మగారి తమ్ముడు అక్కడే చట్టాలు రాస్తాడు," అన్నాడు.

నేను తల తిప్పి రోడ్డు వైపు చూశాను. ఆయన నాకు చెవుడనుకున్నాడేమో, దగ్గరికి జరిగాడు. తను బడి గంట కొట్టేవాణ్ణన్నాడు. పక్కింటి వాళ్ళ కోసం సాక్ష్యం చెప్పాననీ, మొన్న అందరితోపాటు వెనక్కి తీసుకున్నాననీ చెప్పాడు. కాగితం చింపలేదట, బియ్యం డబ్బాలో పెట్టాడట. ఆ అబ్బాయి మంచివాడే, పైవాళ్ళు పడనిచ్చి ఉండరు పాపం అన్నాడు. అక్కా, ఆయన నన్ను వెనకేసుకొచ్చాడు.

"ఎప్పుడైనా కనబడితే ఒక మాట చెప్పండి బాబూ. మళ్ళీ ఆ ముక్క చట్టంలో పెడితే, నేను మళ్ళీ వచ్చి చెప్తాను. నాకు డెబ్భై నాలుగు, నన్నేం చేస్తారు. కాస్త తొందరగా పెట్టమనండి," అన్నాడు.

ఆ అబ్బాయెవరో నాకు తెలియదని చెప్పాను.

అంత పెద్ద ఆఫీసులో తెలియడం కష్టమేలెండి అన్నాడు. లారీ వచ్చింది. చోటుంది, ఎక్కండి అని నా కోసం పక్కకి జరిగాడు. నేను రోడ్డు దాటి, రాజధాని బస్సు ఎక్కాను.

తమ్ముడు